గూగుల్ స్కాలర్ సమీక్ష: యల్లాప్రగడ సుబ్బారావు కృషిని సైటేషన్లలో వెతికినప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో జీవశాస్త్రాలు చదివే విద్యార్థులకూ, వాటిని బోధించే నావంటి అధ్యాపకులకూ పరిశోధన పత్రాలను పైసా ఖర్చు లేకుండా వెతుక్కోవడానికి అందుబాటులో ఉన్న ప్రధానమైన సాధనం గూగుల్ స్కాలర్. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదువుకున్న అనురాగ్ ఆచార్య, ఆయన సహోద్యోగి అలెక్స్ వెర్‌స్టాక్ కలిసి రూపొందించిన ఈ సేవ 2004 నవంబరులో మొదలైంది. ఖాతా తెరవకుండానే వెతకవచ్చు, మామూలు మొబైల్ ఫోనులో కూడా పనిచేస్తుంది, ఏ సంస్థలో ఉన్నారని అడగదు. దీని గురించి సాధారణంగా మెచ్చుకోలు మాటలు చెప్పి ఊరుకోవడం కంటే, ఒక నిర్దిష్టమైన పని అప్పగించి ఎంతవరకు నెరవేర్చగలదో చూడడం మేలని నా అభిప్రాయం. నేను అప్పగించిన పని ఇది: ఒక శాస్త్రవేత్త జీవితకాలం చేసిన కృషి జీవశాస్త్రంలోని వేర్వేరు శాఖల మీద ఎంత ప్రభావం చూపిందో ఈ సేవ ద్వారా తెలుసుకోగలమా?

ఇందుకోసం ఎంచుకున్న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మనవాడన్న అభిమానం నాకు నిండుగా ఉంది, దాన్ని దాచుకోను. కానీ ఎంపికకు అసలు కారణం వేరు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె దగ్గర పనిచేసి, 1930లో అక్కడే పీహెచ్‌డీ పట్టా పొంది, 1940లో అమెరికాలోని లెడర్లే ఔషధ సంస్థ ప్రయోగశాలలకు వెళ్లి అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించి, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూసిన ఈ మనిషి కృషి జీవరసాయనశాస్త్రం, కండరాల శరీరధర్మశాస్త్రం, పోషకాహారశాస్త్రం, క్యాన్సర్ వైద్యం, సూక్ష్మజీవశాస్త్రం, పరాన్నజీవశాస్త్రం అనే ఇన్ని శాఖల్లోకి పాకింది. ఒకే శాఖలో ఒకే రకమైన పని చేసిన వారి ప్రభావాన్ని ఏ సూచికైనా ఏదో ఒక మేరకు చూపగలదు. ఇన్ని శాఖల్లో, ఇన్ని రూపాల్లో, కొన్నిచోట్ల తన పేరు కూడా లేకుండా పనిచేసిన వ్యక్తి దగ్గరే సాధనం బలమూ బలహీనతా బయటపడతాయి.

మొదట పేరు దగ్గరే జాగ్రత్తపడాలి. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, పాశ్చాత్య గ్రంథసూచికలు చివరి పదాన్ని ఇంటిపేరుగా తీసుకుంటాయి. అందువల్ల సుబ్బారావు పత్రాలన్నీ 'వై. సుబ్బారావు' కింద చేరతాయి; పైగా ఆయన తన పేరును ఇంగ్లీషులో రాసుకున్న తీరు నేడు మనం రాసే తీరు కాదు, చివరి అక్షరం 'డబ్ల్యూ'. కొన్ని సూచికల్లో అది ఒకే పదంగా, కొన్నింటిలో రెండు పదాలుగా నమోదైంది. 'ఆథర్' అన్న పదం పెట్టి, కోలన్ తరువాత కోట్స్‌లో పేరు ఇస్తే ఆ రచయిత పత్రాలు మాత్రమే వస్తాయన్నది ఈ సేవలోని ఉపయోగకరమైన సదుపాయం. సుబ్బారావు విషయంలో మాత్రం ఒక్కో వర్ణక్రమంతో విడివిడిగా వెతికి, ఫలితాలను కలుపుకోవాలి. తెలుగు పేర్లున్న నేటి పరిశోధకులకు ఇంకా పెద్ద ఇబ్బంది ఉంది. ఒకే పొడి అక్షరంతో, చివర 'రావు'తోనో 'నాయుడు'తోనో ముగిసే పేర్లు ఎన్నో కాబట్టి ఒకరి పత్రాలు మరొకరి ఖాతాలో కలిసిపోయే అవకాశం ఉంటుంది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్యను మన విద్యార్థులు తొలి పత్రం పంపేనాటికే తీసుకోవడం ఎంతో అవసరం. అది కూడా ఉచితమే.

పేరు చిక్కు విప్పుకుని ముందుకు వెళ్తే, అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లతో, అంటే తరువాతి పత్రాలు ఎక్కువసార్లు ఉదహరించినదిగా, కనిపించేది ఫిస్కె, సుబ్బారావు కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో ప్రచురించిన పత్రం. రంగు ఆధారంగా భాస్వరాన్ని కొలిచే పద్ధతి అది. రక్తంలోనో మూత్రంలోనో కణజాలంలోనో ఉన్న ఫాస్ఫేట్‌ను ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేట్‌తో కలిపితే ఫాస్ఫోమాలిబ్డేట్ ఏర్పడుతుంది. దానికి అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లాన్ని, అంటే ప్రయోగశాలలో మనం 'ఆన్సా' అని పిలిచే కారకాన్ని చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని కలరీమీటర్‌లో చదివి, ముందే గీసుకున్న ప్రామాణిక రేఖతో పోల్చుకుంటే పరిమాణం తెలుస్తుంది. అంతకుముందు ఉన్న పద్ధతుల్లో రంగు నిలకడగా ఉండకపోవడం, ఇతర పదార్థాలు అడ్డుపడడం వంటి లోపాలుండేవి. శ్రీకాకుళంలోని బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పిల్లలు నేటికీ చేసే ప్రయోగం ఇది. రికార్డు పుస్తకంలో 'ఫిస్కె-సుబ్బారావు పద్ధతి' అని రాసే విద్యార్థుల్లో చాలామందికి ఆ సుబ్బారావు భీమవరం కుర్రాడని తెలియదు. మూల పత్రాన్ని ఈ సేవ ద్వారా తెరిచి వాళ్ల ముందు పెట్టగలగడం, ఆ జర్నల్ పాత సంచికలు ఉచితంగా చదువుకునే వీలుండడం ఒక అధ్యాపకుడిగా నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. పాఠ్యపుస్తకం నాలుగు వాక్యాల్లో ముగించే పద్ధతి వెనుక, ఇరవై అయిదుకు పైగా పేజీల్లో ఎన్ని సందేహాలు లేవనెత్తుకుని ఎన్ని పరీక్షలు పెట్టుకున్నారో విద్యార్థి స్వయంగా చదవగలుగుతాడు.

ఆ పత్రం కింద 'సైటెడ్ బై' అని ఒక అంకె ఉంటుంది. అది వేలల్లో ఉంటుంది. చాలామంది చూసేదీ, చూసి ఆగిపోయేదీ అక్కడే. ఆ తెర మీద ఉన్న సమాచారమంతటిలో ఆ అంకె అన్నిటికంటే తక్కువ విలువైనదని, దాన్ని నొక్కితే తెరుచుకునే జాబితా అన్నిటికంటే ఎక్కువ విలువైనదని నా నిశ్చితాభిప్రాయం. జాబితా పైభాగంలో 'ఈ పత్రాన్ని ఉదహరించిన వాటిలో మాత్రమే వెతుకు' అన్న చిన్న గడి ఉంటుంది. దాన్ని ఎంచుకుని 'చేప' అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాట ఇస్తే, పురుగుమందుల ప్రభావానికి గురైన చేపల మొప్పల్లో ఏటీపేజ్ ఎంజైముల పనితీరును కొలిచిన జంతుశాస్త్ర పత్రాలు వస్తాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అన్న పదార్థం విడిపోయినప్పుడు వెలువడే ఫాస్ఫేట్‌ను కొలవడానికి ఆ పరిశోధకులకు కావలసింది ఈ నీలిరంగే. 'నేల' అన్న మాట ఇస్తే, కరగని భాస్వరాన్ని కరిగించి మొక్క వేళ్లకు అందించే బ్యాక్టీరియా మీద జరిగిన వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్ర పరిశోధనలు కనిపిస్తాయి. 'ఫాస్ఫటేజ్' అంటే ఎంజైముల అధ్యయనాలు, 'ఫైటేజ్' అంటే పశువుల దాణా, ధాన్యం పోషక విలువల అధ్యయనాలు, 'సీరం' అంటే ఎముకల, మూత్రపిండాల వ్యాధుల మీద పనిచేసిన వైద్యుల పత్రాలు వస్తాయి. ఎడమవైపు ఉండే సంవత్సరాల వడపోతను మార్చుకుంటూ పోతే, పద్ధతి వైద్య ప్రయోగశాల నుంచి బయలుదేరి ఏయే దశకంలో ఏయే శాఖలోకి చేరిందో కళ్లకు కడుతుంది.

శాఖలవారీ ప్రభావం అని మనం అంటున్నది నిజానికి ఇదే. దాన్ని ఈ సేవ తనంతట తానుగా చూపదు. జీవశాస్త్ర శాఖల ప్రకారం ఫలితాలను విడగొట్టే సదుపాయం ఇందులో లేదు. సైటేషన్ల సంఖ్యను బట్టి వరుసలో పెట్టే మీట కూడా లేదు. ఒక ప్రశ్నకు వచ్చిన ఫలితాల్లో మొదటి వెయ్యికి మించి చూపదు. వేల సైటేషన్లున్న పత్రం విషయంలో ఈ వెయ్యి హద్దు చిన్నది కాదు. మాటలు మార్చి, కాలాన్ని ముక్కలు చేసి వెతికే ఓపిక ఉన్నవారికే పూర్తి చిత్రం దొరుకుతుంది. మన కళాశాలల్లో మూడో సంవత్సరం ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో అంశాలు వెతికే విద్యార్థులకు, ఒక పాత పత్రాన్ని తీసుకుని దాని సైటేషన్లను శాఖలవారీగా వర్గీకరించమని నేను సూచిస్తుంటాను. ప్రయోగశాల ఖర్చు లేని, ఆలోచన మాత్రం దండిగా అవసరమైన పని అది.

పద్ధతుల పత్రాలకు ఇంత గిరాకీ ఉండడం సుబ్బారావు ఒక్కరి విశేషం కాదు. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా సైటేషన్లు పొందిన వంద పత్రాల జాబితాను ప్రచురించినప్పుడు మొదటి మూడు స్థానాలూ జీవరసాయన పద్ధతులకే దక్కాయి. ప్రోటీన్‌ను కొలిచే లౌరీ పద్ధతి, 1951 నాటిది, 3 లక్షలకు పైగా సైటేషన్లతో మొదట నిలిచింది. జెల్ మీద ప్రోటీన్లను వేరుచేసే లెమ్లీ పత్రం, 1970 నాటిది, రెండోది. బ్రాడ్‌ఫర్డ్ 1976లో ప్రచురించిన ప్రోటీన్ కొలత మూడోది. డీఎన్ఏ జంట సర్పిలాన్ని వివరించిన 1953 నాటి వాట్సన్, క్రిక్ పత్రానికి ఆ వందలో చోటే లేదు. సైటేషన్ అంటే 'నేను దీన్ని వాడుకున్నాను' అన్న రసీదు మాత్రమేనని, 'ఇది గొప్పది' అన్న తీర్పు కాదని ఈ ఒక్క పోలిక చాలు చెప్పడానికి.

రసీదు రాయడం మానేసిన తరువాత ఏం జరుగుతుందో సుబ్బారావు తరువాతి పత్రాల దగ్గర చూడవచ్చు. భాస్వరాన్ని కొలిచే పద్ధతి చేతిలో ఉంది కాబట్టే ఫిస్కె, సుబ్బారావులు కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించి 1927లో ప్రకటించగలిగారు. బ్రిటన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ ఏడాదే దాన్ని గుర్తించారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కె, సుబ్బారావు ఎవరికి వారు ఏటీపీని వెలికితీశారు. కండరం ముడుచుకోవడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న నాటి నమ్మకం కూలిపోవడానికి ఈ పరిశోధనలు పునాది వేశాయి. నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా ఏటీపీని కణానికి శక్తి నాణెం అని చెబుతాడు. జీవశాస్త్రంలో ఆ మూడక్షరాలు లేని శాఖ లేదు. అయినా ఏటీపీ గురించి నేడు రాసే పరిశోధకులు సాధారణంగా 1929 నాటి పత్రాన్ని ఉదహరించరు, ఉదహరించవలసిన అవసరమూ లేదు. అందువల్ల గూగుల్ స్కాలర్‌లో ఆ ఆవిష్కరణ పత్రం కొలత పద్ధతి పత్రం కంటే ఎంతో చిన్నదిగా కనిపిస్తుంది. అందరి సొత్తయిపోయిన జ్ఞానానికి సైటేషన్ రాదన్న ఈ విషయాన్ని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో చెప్పాడు. దీనికి సేవను తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ సేవను వాడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోకుండా వాడితే తీర్పు తలకిందులవుతుంది.

కొలత పద్ధతికే ఇలా జరిగిన సందర్భం కూడా ఉంది. 1959లో బార్ట్‌లెట్ అదే జర్నల్‌లో ఫిస్కె-సుబ్బారావు పద్ధతిని కొద్దిగా మార్చి కాలమ్ క్రొమటోగ్రఫీలో, అంటే మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే పద్ధతిలో, భాస్వరాన్ని కొలవడానికి అనువుగా ప్రచురించాడు. ఆ తరువాత కొవ్వుల మీద పనిచేసేవాళ్లు బార్ట్‌లెట్‌ను ఉదహరించడం మొదలుపెట్టారు. సుబ్బారావు ప్రభావాన్ని నిజంగా కొలవాలంటే బార్ట్‌లెట్ పత్రం కింది జాబితాను కూడా తెరవాలి. ఒక పత్రం నుంచి దాని వారసుల దగ్గరికి, అక్కడి నుంచి వాటి వారసుల దగ్గరికి ఒక్కొక్క లింకుగా నడిచి వెళ్లగలగడం ఈ సేవలో నాకు బాగా నచ్చిన అంశం. ఈ ఆలోచనకు మూలపురుషుడు యూజీన్ గార్ఫీల్డ్. 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా తెచ్చిన ఆ సూచిక అప్పట్లో పెద్ద గ్రంథాలయాలకే అందేది. అదే పనిని నేడు ఎచ్చెర్లలోనో బొబ్బిలిలోనో కూర్చున్న విద్యార్థి ఫోనులో చేసుకోగలుగుతున్నాడు.

ఇక హెచ్-ఇండెక్స్ గురించి కొంత కటువుగానే రాయాలి. భౌతికశాస్త్రవేత్త హోర్హె హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ సూచికను గూగుల్ స్కాలర్ ప్రతి రచయిత ప్రొఫైల్‌లోనూ చూపుతుంది. ఒకరి పత్రాల్లో కనీసం పదింటికి ఒక్కొక్కదానికి పదేసి సైటేషన్లు ఉంటే సూచిక 10. మరొకరు పది పత్రాలే రాసి, ఒకదానికి 20,000, మిగతా తొమ్మిదింటికి అయిదేసి సైటేషన్లు పొందితే ఆయన సూచిక 5. రెండో వ్యక్తి రాసిన ఆ ఒక్క పత్రం ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటిలో వాడుకలో ఉన్నా సూచికలో అది ఒకే పత్రం కింద లెక్క. సుబ్బారావు వంటి వారిని ఈ కొలత చిన్నబుచ్చుతుంది. ప్రొఫైల్‌లో అయిదేళ్ల లెక్క, కనీసం పది సైటేషన్లున్న పత్రాల లెక్క కూడా ఉంటాయి. స్వీయ సైటేషన్లను తీసివేసే వీలు మాత్రం లేదు. ప్రొఫైల్‌ను రచయితే తయారుచేసుకోవాలి కాబట్టి, 1948లో మరణించిన వ్యక్తి విషయంలో ఇవేవీ ఉపయోగపడవు. ఆ లోటు ఒక రకంగా మేలే చేసింది: సిద్ధంగా ఉన్న అంకె లేకపోవడం వల్ల మనం పత్రాలనే చదవవలసి వస్తుంది.

శాఖకూ శాఖకూ మధ్య ఉన్న తేడాలను కూడా ఈ అంకెలు పట్టించుకోవు. అణుజీవశాస్త్రంలో పరిశోధకుల సంఖ్య ఎక్కువ, పత్రాల చివర రిఫరెన్సుల జాబితా పొడవు, వేగం ఎక్కువ. అందువల్ల సైటేషన్లూ ఎక్కువే. తూర్పు కనుమల్లో మొక్కలను గుర్తించి నమోదు చేసే వృక్షశాస్త్రవేత్తకూ, మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లను లెక్కించే జంతుశాస్త్రవేత్తకూ ఆ స్థాయిలో సైటేషన్లు రావు. వర్గీకరణశాస్త్రంలో మరీ విచిత్రమైన పరిస్థితి ఉంది. పలాస జీడిపప్పు మీద ఎవరు పరిశోధన రాసినా మొక్క పేరు 'అనకార్డియం ఆక్సిడెంటేల్' అని, పక్కన లిన్నేయస్‌కు గుర్తుగా 'ఎల్' అని రాస్తారు. ఆ పేరు 1753 నాటి స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథం నుంచి వచ్చింది. ప్రతి జీడి పరిశోధకుడూ ఆ గ్రంథాన్ని వాడుకుంటున్నాడు, రిఫరెన్సుల్లో మాత్రం చేర్చడు. ఒక జీవికి పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరు వేల పత్రాల్లో అచ్చవుతున్నా ఆయన సైటేషన్ లెక్కలో అది చేరదు. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి వంటి ఒక ప్రాంతానికి చెందిన సమస్య మీద పనిచేసేవారి పత్రాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: చదవవలసిన ప్రపంచ పాఠకుల సంఖ్య తక్కువ, పరిశోధన ఫలితం కోసం ఎదురుచూస్తున్న గ్రామాల సంఖ్య ఎక్కువ.

సుబ్బారావు జీవితంలో రెండో భాగానికి వచ్చేసరికి ఈ సేవ మరింత తడబడుతుంది. లెడర్లేలో ఆయన బృందాలను నడిపించారు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను సంశ్లేషించిన 1945, 1946 నాటి సైన్స్ పత్రికా పత్రాల్లో మొదటి పేరు యాంజియర్‌ది. సుబ్బారావు పేరు పొడవైన రచయితల వరుస మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్ ఆయన ప్రయోగశాల నుంచే సిడ్నీ ఫార్బర్‌కు అందింది. పిల్లల్లో తీవ్రమైన ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948లో ప్రకటించిన పత్రంలో రచయితలుగా ఉన్నవారు బోస్టన్ వైద్యులే. క్యాన్సర్ ఔషధ చికిత్స చరిత్రలో తొలి మెట్లలో ఒకటైన ఆ పత్రానికి వచ్చిన సైటేషన్లలో ఒక్కటి కూడా సుబ్బారావు పేరున చేరదు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ వార్డుల్లోనూ కీళ్లవాతం చికిత్సలోనూ వాడుకలో ఉంది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ వర్గపు తొలి యాంటీబయాటిక్, బెంజమిన్ డగ్గర్ పేరున నమోదైంది. ఆ పరిశోధన జరిగింది సుబ్బారావు నాయకత్వంలోని సంస్థలో. బృందానికి దారి చూపినవారి పాలు ఎంతో చెప్పగల సూచిక ఏదీ ఇప్పటికి లేదు. రచయితల వరుసలో పేరు ఎక్కడుందో చూపడం వరకే ఏ సైటేషన్ సేవైనా చేయగలిగేది.

ఈ సమీక్ష శ్రీకాకుళం నుంచి రాయడానికి ఒక ప్రత్యేకమైన కారణం కూడా ఇక్కడే ఉంది. హెట్రజాన్ పేరుతో వచ్చిన డైఇథైల్‌కార్బమజీన్ మీద 1947లో హ్యూయిట్ తదితరులు ప్రచురించిన పత్రాల్లో సుబ్బారావు సహరచయిత. దాన్నే మనం డీఈసీ మాత్ర అంటాం. ఫైలేరియా, అంటే బోదకాలు, ఉత్తరాంధ్ర తీర జిల్లాలను తరతరాలుగా పీడించిన వ్యాధి. సామూహిక మందుల పంపిణీ రోజుల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ వచ్చి దగ్గర నిలబడి మింగించే మాత్ర అది. హ్యూయిట్ పత్రం కింద గూగుల్ స్కాలర్ చూపే సైటేషన్లు ఫిస్కెతో కలిసి రాసిన కొలత పద్ధతికి వచ్చినవాటి దరిదాపుల్లో ఉండవు. పరాన్నజీవశాస్త్రం చిన్న శాఖ, బోదకాలు పేదల వ్యాధి, దాని మీద పత్రాలు రాసేవారు తక్కువ. మందు అందుకున్నవారు పత్రాలు రాయరు. మా విద్యార్థులకు ఈ రెండు పత్రాల అంకెలను పక్కపక్కన పెట్టి చూపించి, దేని ప్రభావం పెద్దదో వాదించమని అడిగితే తరగతి గంట చాలదు. కాళ్లు ఉబ్బిన అమ్మమ్మనో తాతనో ఇంట్లో చూసిన పిల్లలు ఆ వాదనలో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

సేవ నాణ్యతకు సంబంధించిన మరికొన్ని విషయాలు క్లుప్తంగా చెబుతాను. గూగుల్ స్కాలర్ ఏయే జర్నళ్లను చేర్చుకుంటుందో జాబితా ప్రకటించదు. యంత్రమే వెబ్ అంతా గాలించి చేర్చుకుంటుంది. దానివల్ల సిద్ధాంత గ్రంథాలు, సమావేశ పత్రాలు, చిన్న భారతీయ జర్నళ్లు కూడా లెక్కలోకి వస్తాయి, ఇది మనవంటి ప్రాంతాల పరిశోధనకు మేలు. అదే దారిన డబ్బు తీసుకుని ఏది పడితే అది అచ్చువేసే బూటకపు జర్నళ్లూ వస్తాయి, ఒకే పత్రం రెండు మూడు రూపాల్లో నమోదవుతుంది, పాత పత్రాల సంవత్సరాలు కొన్నిసార్లు తప్పుగా పడతాయి. అందువల్ల ఇక్కడి సంఖ్య, చందా కట్టి వాడే సైటేషన్ సూచికలైన వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ చూపే సంఖ్య కంటే సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. ఒకరి సంఖ్యను ఒక చోట, మరొకరి సంఖ్యను మరోచోట చూసి పోల్చడం ఎన్నడూ చేయకూడదు. 'సైట్' అన్న మీట నొక్కితే రిఫరెన్సును అయిదారు శైలుల్లో సిద్ధం చేసి ఇస్తుంది. ప్రాజెక్టు నివేదికల్లో ఇది చాలా సమయం కలిసివచ్చే సదుపాయం, అయినా రచయితల పేర్లు, పేజీలు మూల పత్రంతో సరిచూసుకున్నాకే అతికించాలి.

డబ్బు కట్టే సేవలతో పోలిక తప్పదు. స్కోపస్ కూడా 2004లోనే మొదలైంది. వెబ్ ఆఫ్ సైన్స్ గార్ఫీల్డ్ సూచికకు వారసురాలు. జర్నళ్లను ఎంచి చేర్చుకోవడం, రచయితలను వేరుగా గుర్తించడం, శాఖలవారీగా విడగొట్టి చూపడం, స్వీయ సైటేషన్లను తీసివేయడం అనే నాలుగు విషయాల్లో అవి నిస్సందేహంగా మెరుగు. కానీ వాటి చందా మన డిగ్రీ కళాశాలలు భరించగలిగేది కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం వల్ల ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు చదువుకునే అవకాశం వచ్చింది. గూగుల్ స్కాలర్‌లో వెతికి, దొరికిన పత్రాన్ని ఈ పథకం ద్వారా తెరిచి చదవడం నేడు ప్రభుత్వ కళాశాల విద్యార్థికి సాధ్యమైన పని. ఉచితంగా దొరికేవాటిలో 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్‌ను ప్రత్యేకంగా సూచిస్తాను. అది పత్రాలను అంశాలవారీగా వర్గీకరిస్తుంది కాబట్టి, ఒక శాస్త్రవేత్త ప్రభావం ఏయే శాఖల్లోకి వెళ్లిందన్న ప్రశ్నకు గూగుల్ స్కాలర్ కంటే సూటిగా జవాబిస్తుంది. యాన్‌వీల్ హార్జింగ్ రూపొందించిన 'పబ్లిష్ ఆర్ పెరిష్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గూగుల్ స్కాలర్ ఫలితాలనే తీసుకుని, సైటేషన్ల వరుసలో పెట్టి, పట్టికగా ఇస్తుంది. పైన చెప్పిన వరుస మీట లేని లోటు దానితో తీరుతుంది. దానికి కంప్యూటరు కావాలి, ఫోను సరిపోదు.

నియామకాల్లో, పదోన్నతుల్లో, కళాశాలల మూల్యాంకనంలో సైటేషన్ల సంఖ్యను అడగడం ఇప్పుడు మామూలైంది. పత్రాలను చదవకుండా సంఖ్యతో తీర్పు చెప్పవద్దని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో స్పష్టంగా కోరాయి. ఆ రెండూ చిన్న పత్రాలే, ఉచితంగా దొరుకుతాయి. ఎంపిక సంఘాల్లో కూర్చునే ప్రతి ఒక్కరూ చదివితీరాలని గట్టిగా కోరుకుంటున్నాను. సుబ్బారావు నేడు మన జిల్లాలోని ఏదో ఒక పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంటే హెచ్-ఇండెక్స్ గడిలో ఏం రాయాలి, ఆ అంకె చూసి ఎవరు ఆయన్ను పిలుస్తారు అన్న ప్రశ్న నన్ను నిజంగా బాధపెడుతుంది.

వెతకడానికి, పాత పత్రం నుంచి కొత్త పత్రానికి నడవడానికి, ఒక పద్ధతి ఏయే శాఖల్లో ఎలా వాడుకలోకి వచ్చిందో స్వయంగా తవ్వి తెలుసుకోవడానికి గూగుల్ స్కాలర్‌కు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఇద్దరు శాస్త్రవేత్తలను పోల్చి ఎవరు గొప్పో తేల్చడానికి వాడదలచినవారికి దీన్ని సిఫారసు చేయను. ఆ పనికి ఒక్క మార్కు కూడా ఇవ్వలేను. మొదలుపెట్టే విద్యార్థులు 1925 నాటి పత్రాన్నే తెరవండి. దాన్ని ఉదహరించినవాటిలో మీ ప్రాజెక్టు అంశాన్ని ఇంగ్లీషులో ఇచ్చి వెతకండి, వచ్చిన మొదటి పేజీలోని పత్రాల్లో 'మెటీరియల్స్ అండ్ మెథడ్స్' భాగం మాత్రం చదవండి, నీలిరంగు అక్కడ దేన్ని కొలవడానికి వాడారో ఒక్కొక్క వాక్యంలో మీ రికార్డు పుస్తకంలో రాసుకోండి.